భజన బృందం మొదలుపెట్టడం సులువే, నిలబెట్టుకోవడం ఎలా?



మన గుడిలో ప్రతి శనివారం సాయంత్రం స్వామివారికి పల్లకీ సేవ జరుగుతుందని మీ అందరికీ తెలుసు. పల్లకీ మోయడానికి మనుషులున్నారు, ప్రసాదం చేయడానికి ఉన్నారు, బయట చెప్పులు సర్దడానికి పిల్లలు కూడా పోటీ పడుతున్నారు. పాడడానికి మాత్రం ప్రస్తుతం ఎవరూ లేరు. ఏడాదిగా స్పీకరుకు ఎవరిదో ఒకరి ఫోను తగిలించి పాటలు పెడుతున్నాం. ఆ ఫోనుకు కాల్ వస్తే పాట ఆగిపోతుంది, పల్లకీ మౌనంగా నడుస్తుంది.

ఇదివరకు మనకు మంచి భజన బృందమే ఉండేది. అందులో ఒక కుటుంబం వేరే రాష్ట్రానికి మారింది. తబలా వాయించే అబ్బాయి కాలేజీకి వెళ్లాడు. మిగిలిన వాళ్లు కొన్ని వారాలు నడిపారు, తరువాత నెమ్మదిగా ఆగిపోయింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. మన దేశం కాని దేశంలో ఉద్యోగాలు, వీసాలు, పిల్లల చదువుల మధ్య ఇలా జరగడం సహజం.

ఈ సెప్టెంబరులో, లేబర్ డే తరువాత, కొత్త బృందం మొదలుపెట్టాలని కమిటీ అనుకుంది. ఆ పని చూస్తున్న వాలంటీర్లలో నేనొకణ్ణి. నేను సంగీత విద్వాంసుణ్ణి కాదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, చిన్నప్పుడు మా ఊరి రామాలయంలో తాళాలు వాయించిన అలవాటు కొద్దిగా మిగిలినవాణ్ణి. కొత్త బృందం పెట్టడం పెద్ద కష్టం కాదు, మొదటి రోజు ముప్పై మంది వస్తారు. మూడో నెలలో ఎంతమంది ఉంటారన్నదే ప్రశ్న. దాని గురించి ఆలోచించిన విషయాలు ఇక్కడ రాస్తున్నాను.

ఎందుకు ఆగిపోతాయి?

భజన బృందాలు భక్తి తగ్గి ఆగిపోవు, గొంతులు బాగాలేక కూడా ఆగిపోవు. "నేను వెళ్లకపోయినా నడుస్తుందిలే" అని ఒక్కొక్కరికీ అనిపించడం మొదలైతే ఆగిపోతాయి. శనివారం సాయంత్రం పిల్లలకు ఈత క్లాసు ఉంటుంది, ఇంట్లో వారం సరుకులు ఉండవు, బయట మంచు కురుస్తుంటుంది. ఇవన్నీ దాటుకుని ఒక మనిషి గుడికి రావాలంటే, తాను రాకపోతే అక్కడ లోటు తెలుస్తుందన్న నమ్మకం ఉండాలి.

ఈ సంగతి మన ఊళ్లలో వాళ్లకు బాగా తెలుసు. ఏకాహం ఎలా జరుగుతుందో గుర్తు చేసుకోండి. ఒక రోజంతా, అంటే 24 గంటలూ, నామం ఆగకూడదు. సప్తాహమైతే ఏడు రోజులు. ఒక జట్టు పాడుతుంటే ఇంకో జట్టు భోంచేస్తుంది, మరో జట్టు కాసేపు నడుం వాలుస్తుంది. తరువాతి జట్టు వచ్చి నామం అందుకునే దాకా ముందు జట్టు లేవడానికి లేదు. తెల్లవారుజామున మూడు గంటలకు కూడా జనం నిద్ర లేచి వచ్చేది అందుకే. తమ కోసం అక్కడ నలుగురు గొంతు అరిగిపోతున్నా ఆపకుండా ఎదురుచూస్తున్నారని వాళ్లకు తెలుసు.

చెక్కభజన, కోలాటం నేర్పే గురువులదీ ఇదే దారి. గురువు ఊరికి వచ్చి కొంతకాలం ఉండి, పగలు పొలం పనులు చేసుకునే వాళ్లకు రాత్రిపూట నేర్పుతాడు. చెక్కలు అందరి చేతిలోనూ ఉంటాయి, అడుగు అందరూ వేయాలి. వరుసలో ఒక మనిషి లేకపోతే ఆట కుదరదు. పక్కన కూర్చుని వినే పాత్ర అందులో ఎవరికీ లేదు.

అంటే బృందాన్ని నిలబెట్టే ఉపాయం మన భజన పద్ధతిలోనే ఉంది. దాన్ని మన శనివారాలకు తగ్గట్టు అమర్చుకోవడమే మనం చేయాల్సింది.

ఏ పాటలతో మొదలుపెట్టాలి?

కొత్త బృందం అనగానే త్యాగరాజస్వామి పంచరత్నాలు నేర్చుకుందామని చాలామందికి ఉంటుంది. కోరిక మంచిదే. కానీ నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఆ ఐదు కీర్తనలకు స్వరాలు, సాహిత్యం రెండూ పట్టుబడాలి. సంగీతం నేర్చుకున్న నలుగురు పాడుతుంటే మిగతా పదిమంది పెదవులు కదుపుతూ కూర్చోవాల్సి వస్తుంది. వాళ్లు మూడో వారం నుంచి రారు.

అదే త్యాగరాజస్వామి (1767–1847) నలుగురూ కలిసి పాడుకోవడానికి వీలుగా దివ్యనామ కీర్తనలు, ఉత్సవ సంప్రదాయ కీర్తనలు కూడా రచించారు. దివ్యనామ కీర్తనల్లో పల్లవికి, చరణాలకు ఒకే వరుస ఉండేవాటిని ఏకధాతువులని, చరణాలకు వేరే వరుస ఉండేవాటిని ద్విధాతువులని అంటారు. ఏకధాతువు కీర్తనలో పల్లవి వచ్చేస్తే పాట మొత్తం వచ్చినట్టే. చరణం ఒకరు చెప్తారు, పల్లవి అందరూ అందుకుంటారు. ఆ రోజే మొదటిసారి గుడికి వచ్చిన మనిషి కూడా రెండో చరణానికల్లా గొంతు కలపగలడు. భద్రాచల రామదాసు కీర్తనలు చాలావాటిలోనూ ఇదే సౌకర్యం ఉంది.

మొదటి సీజనుకు ఎనిమిది పాటలు చాలు. వినాయకుడి మీద ఒకటి, నామావళులు రెండు, రామదాసు కీర్తనలు రెండు, అన్నమయ్యది ఒకటి, దివ్యనామ కీర్తన ఒకటి, చివర మంగళహారతి. ఎనిమిదే అయితే అందరికీ నోటికి వస్తాయి. నలభై పాటల పుస్తకం వేస్తే అందరి తలలూ కిందికి వంగి పుస్తకంలోనే ఉంటాయి, స్వామివారి వైపు ఎవరూ చూడరు.

అన్నమయ్య పాటల దగ్గర ఒక చిక్కు వస్తుంది. తాళ్లపాక అన్నమాచార్యుల (1408–1503) సంకీర్తనలు తిరుమలలో రాగిరేకుల మీద దొరికాయి. వాటి మీద రాగం పేరు ఉంది గానీ స్వరాలు లేవు. రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ, నేదునూరి కృష్ణమూర్తి, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ వంటి విద్వాంసులు 20వ శతాబ్దంలో వరుసలు కట్టిన తరువాతే చాలా పాటలు ఇలా ఇంటింటికీ చేరాయి. అందుకే ఒకే కీర్తనకు రెండు మూడు వరుసలు ప్రచారంలో ఉంటాయి. ఒకరు రేడియోలో విన్న వరుసలో, ఇంకొకరు సినిమాలో విన్న వరుసలో, మూడోవారు సంగీతం టీచరు నేర్పిన వరుసలో పాడతారు. ఎవరిదీ తప్పు కాదు, కానీ మూడూ కలిపి పాడలేం. పాట మొదలుపెట్టే ముందే ఏ వరుసో నిర్ణయించుకుని, దాన్ని ఒకరి గొంతుతో రికార్డు చేసి అందరికీ పంపితే వాదన అక్కడితో ఆగుతుంది. ఆఫీసుకు కారులో వెళ్తూ నాలుగుసార్లు వింటే పాట సగం వచ్చేస్తుంది.

గొంతు నొప్పి పుట్టని శ్రుతి

చాలామంది "నాకు పాడడం రాదు" అని వెనక్కి తగ్గడానికి అసలు కారణం శ్రుతి. హార్మోనియం మీద 1 శ్రుతి అంటే మన పిల్లలు స్కూల్లో పియానో మీద నేర్చుకునే సి. 5 అంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. సాధారణంగా మగవాళ్లకు 1, 2 శ్రుతుల్లో, ఆడవాళ్లకు 5, ఐదున్నరలో హాయిగా ఉంటుంది. 5లో గొంతెత్తి పాడే పాటకు మగవాళ్లు అందుకోలేక అరుస్తారు, లేదా ఊరుకుంటారు. 1లో మొదలైతే ఆడవాళ్ల గొంతు కిందికి దిగి వినపడదు.

దీనికి సులువైన మార్గం రెండు రకాలు. ఒకటి, పైకీ కిందికీ ఎక్కువ సంచారం లేని పాటలు ఎంచుకోవడం. నామావళులు సరిగ్గా అలాంటివే. రెండోది, ఎవరు పాట చెప్తే వాళ్ల శ్రుతి పెట్టుకోవడం, వెనక అందుకునేవాళ్లు అవసరమైతే ఒక స్థాయి కిందో పైనో పాడుకోవడం. వరుసగా నాలుగు పాటలు ఆడవాళ్లు, నాలుగు పాటలు మగవాళ్లు చెప్పేలా పెట్టుకుంటే శ్రుతి ఒక్కసారే మారుతుంది. మాటిమాటికీ మారిస్తే తబలా వాయించేవారికి ప్రాణసంకటం. తబలానైనా మృదంగాన్నైనా ఒక హద్దు వరకే బిగించగలం. అందుకే కచేరీ చేసేవాళ్లు హెచ్చు శ్రుతి, తగ్గు శ్రుతి మృదంగాలు రెండు దగ్గర ఉంచుకుంటారు.

ఇక్కడి చలికాలం గురించి ఒక మాట. హీటరు నడిచే హాల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. చర్మం బిగిసి శ్రుతి పెరుగుతుంది. కారు డిక్కీలోంచి తీసిన వాయిద్యాన్ని వెంటనే శ్రుతి చేస్తే పది నిమిషాల్లో మళ్లీ మారుతుంది. హాల్లో కాసేపు ఉంచి ఆ తరువాతే శ్రుతి చేసుకోవాలి. ప్రాక్టీసుకు వాయిద్యకారులు పావుగంట ముందు రావాలనేది ఇందుకే.

ప్రతి పనికీ ఇద్దరు

మా ఆఫీసులో ఏదైనా పని ఒక్కరికే తెలిసి ఉంటే మేనేజరుకు నిద్ర పట్టదు. ఆ ఒక్కరూ సెలవు పెడితే అంతా ఆగుతుంది. మన పాత బృందంలో తబలా ఒక్కరికే వచ్చు, హార్మోనియం ఒక్కరికే వచ్చు. వాళ్లు వెళ్లగానే మిగతా వాళ్లు దిక్కుతోచక నిలిచిపోయారు.

కాబట్టి కొత్త బృందంలో ప్రతి పనికీ ఇద్దరుంటారు. ఒకరు చేసేవారు, ఇంకొకరు పక్కన కూర్చుని నేర్చుకునేవారు. హార్మోనియానికి, తబలాకు, తాళాలకు, పాటల కాగితాలకు, మైకుకు, జంపఖానా పరిచి మళ్లీ మడత పెట్టడానికి కూడా ఇద్దరేసి. నేర్చుకునే వారిలో వీలైనంత వరకు హైస్కూలు పిల్లల్ని పెట్టుకుందాం. "వచ్చి కూర్చో" అంటే రాని పిల్లవాడు, "మైకు నువ్వే చూసుకోవాలి, అంకుల్ ఈ వారం ఊళ్లో లేరు" అంటే పది నిమిషాలు ముందే వస్తాడు. వాడికి మైకు మీద ఉన్న ఇష్టం ముందు, పాట తరువాత. ఫరవాలేదు.

పాడడం అసలు రాదనుకునేవారికి చిడతలు ఇవ్వండి. చేతిలో చిడతలున్న మనిషి ఊరికే కూర్చోలేడు. తాళం తప్పినా నలుగురిలో కలిసిపోతుంది, రెండు మూడు వారాల్లో అదే కుదురుతుంది.

పాటల కాగితాల మీద పెద్ద అక్షరాల్లో తెలుగు, పక్కనే ఇంగ్లీషు లిపి రెండూ ఉండాలి. మన పిల్లలకు తెలుగు మాట్లాడడం వచ్చు, చదవడం చాలామందికి రాదు. పాటకు అర్థం రెండు వాక్యాల్లో కింద రాస్తే, ఎవరిని ఏమని పిలుస్తున్నామో వాళ్లకు తెలుస్తుంది.

సమయం, తేదీ

ప్రాక్టీసు ప్రతి శనివారం 4:30 నుంచి 5:45 వరకు. ఆరు గంటలకు పల్లకీ సేవ కాబట్టి వేరే రోజు మళ్లీ రానక్కర్లేదు. మొదటి పది నిమిషాలు శ్రుతి, ఓంకారం. తరువాత ఇరవై నిమిషాలు వచ్చిన పాటలు. అరగంట కొత్త పాట. చివరి పావుగంటలో మంగళహారతి, వచ్చే వారం ఎవరు ఏ పాట చెప్తారో అనుకోవడం. 5:45కు ఆపేయాలి. బాగా కుదురుతోంది కదా అని ఆరున్నర దాకా లాగితే, వచ్చే వారం ఇంట్లో చెప్పి రావడం కష్టమవుతుంది.

ముగ్గురే వచ్చినా 4:30కే మొదలుపెడతాం. మిగతావాళ్ల కోసం ఎదురుచూస్తే వేళకు వచ్చిన ముగ్గురికీ అన్యాయం జరుగుతుంది, ఆ తరువాత వాళ్లూ ఆలస్యంగా రావడం నేర్చుకుంటారు.

ఎదురుగా ఒక తేదీ లేని ప్రాక్టీసు ఎక్కువ కాలం నడవదు. పండుగల క్యాలెండరే మనకు తేదీలు ఇస్తుంది. సెప్టెంబరులో మొదలుపెడితే కార్తీక మాసం దీపోత్సవానికి ఎనిమిది పాటలూ సిద్ధమవుతాయి. తరువాత ధనుర్మాసం, ముక్కోటి ఏకాదశి. వసంతంలో ఉగాది, శ్రీరామనవమి. జూన్, జూలైలో సగం ఇళ్లు ఇండియా ప్రయాణాల్లో ఉంటాయి కాబట్టి అప్పుడు సెలవు. ఆగిపోవడం వేరు, సెలవు తీసుకోవడం వేరు. సెలవని ముందే చెప్పుకుంటే సెప్టెంబరులో మళ్లీ అందరూ వస్తారు.

తిథికే చేయాలన్న పట్టుదల ఇక్కడ కొన్నిసార్లు కుదరదు. త్యాగరాజ ఆరాధన పుష్య బహుళ పంచమి నాడు జరగాలి. కానీ 1978 నుంచి జరుగుతున్న క్లీవ్‌లాండ్ ఆరాధనోత్సవాన్ని ఈస్టర్ రోజుల్లో పెట్టుకుంటారు. దూరాల నుంచి జనం రాగలిగే రోజులు అవి. మనం కూడా ఆ వారాంతం చూసుకుని చేద్దాం.

మాట పట్టింపులు రాకుండా

నలుగురు కలిసి పాడే చోట "వాళ్లకు రెండు పాటలిచ్చారు, మా అమ్మాయికి ఒక్కటే" అన్న మాట రాకుండా ఉండదు. నెల మొదట్లోనే ఎవరు ఏ వారం ఏ పాట చెప్తారో జాబితా రాసి నోటీసు బోర్డు మీద పెడితే సగం సమస్య తీరుతుంది. పాట చెప్పే వంతు అందరికీ వస్తుంది. బాగా పాడేవారికీ, ఇప్పుడిప్పుడే నేర్చుకునేవారికీ కూడా.

ఎవరైనా అపస్వరం పాడితే అందరి ముందూ ఆపవద్దు. ప్రాక్టీసు అయ్యాక పక్కకు పిలిచి ఒక్క లైను గురించే చెప్పాలి. ఒకేసారి ఐదు తప్పులు చెప్తే ఆ మనిషికి మిగిలేది సిగ్గు ఒక్కటే. పల్లకీ సేవ రోజు అసలు ఏమీ చెప్పవద్దు.

బృందం బాగా నడుస్తోందా లేదా అనేది చప్పట్లను బట్టి చూడొద్దు. పల్లకీ వెంట నడిచేవాళ్లలో ఎంతమంది పెదవులు కదులుతున్నాయో చూడండి. భజన అన్నాక వినేవాళ్లు కూడా పాడాలి.

రెండు వారాలు కనపడకపోతే

ఎవరైనా వరుసగా రెండు వారాలు రాకపోతే బృందంలో ఒకరు ఫోను చేయాలి. వాట్సాప్ గ్రూపులో అడగడం కాదు, ఫోను చేసి మాట్లాడాలి. "ఎందుకు రాలేదు" అనకుండా "ఎలా ఉన్నారండీ, మీరు చెప్పే పాట ఈ వారం ఎవరూ చెప్పలేదు" అంటే చాలు. చాలాసార్లు కారణం చిన్నది. పిల్లవాడి పరీక్షలు, భార్యకు వీకెండ్ డ్యూటీ, ఇంట్లో ఒకటే కారు. వీటిలో కొన్ని మనం తీర్చగలిగినవే. ఒకే వీధిలో ఉన్నవాళ్లు ఒకే కారులో రావచ్చు.

ఈ కారు విషయం మరో కారణానికి కూడా ముఖ్యం. మన ఇళ్లకు అమ్మానాన్నలు, అత్తామామలు వస్తుంటారు. మామూలుగా ఆరు నెలలు ఉంటారు. డ్రైవింగు లేదు, మాట్లాడే మనిషి ఉండరు, పగలంతా కిటికీలోంచి ఖాళీ వీధిని చూస్తూ గడుపుతారు. వాళ్లలో చాలామందికి తమ ఊరి రామాలయంలో పాడుకున్న పాటలు, మంగళహారతులు, మేలుకొలుపులు పుస్తకం లేకుండా వచ్చు. వాటిలో కొన్ని వరుసలు ఏ యాప్‌లోనూ దొరకవు. ఏ పుస్తకంలోనూ లేవు. ఆ పెద్దామె తిరుగు విమానం ఎక్కితే పాట కూడా ఆమెతోపాటే వెళ్లిపోతుంది, మళ్లీ వస్తారో లేదో మనకు తెలియదు.

అందుకని మొదటి సీజను నుంచే ఒక నియమం పెట్టుకుంటున్నాం. ఊరి నుంచి వచ్చిన పెద్దలెవరైనా సరే, వాళ్లు ఉన్నన్నాళ్లలో బృందానికి ఒక పాట నేర్పాలి. పిల్లలు ఆ పాటను ఫోనులో రికార్డు చేసి, మాటలు రాసుకుని, ఏ ఊరి పాటో, ఎవరి దగ్గర నేర్చుకున్నారో పైన రాయాలి. పెద్దలకు శనివారం కోసం ఎదురుచూసే కారణం దొరుకుతుంది. పిల్లలకు ఇంటర్నెట్‌లో లేని వస్తువు ఒకటి తమ దగ్గర ఉందన్న గర్వం దొరుకుతుంది. పాట మన గుడిలో ఉండిపోతుంది.

మీరు చేయవలసింది

లేబర్ డే తరువాత వచ్చే మొదటి శనివారం సాయంత్రం 4:30కు కింది హాలుకు రండి. గొంతు పరీక్ష లేదు, ఫీజు లేదు. ముందుగా పేరు ఇవ్వదలచినవారు గుడి ఆఫీసు దగ్గరున్న రిజిస్టరులో రాయండి. పేరు పక్కన మీకు ఏం వచ్చో, లేదా ఏం నేర్చుకోవాలనుందో కూడా రాయండి. ముఖ్యంగా తబలా, హార్మోనియం పక్కన కూర్చుని నేర్చుకునే పిల్లలు నలుగురు కావాలి. ఇంట్లో వాడకుండా పడి ఉన్న చిడతలు, తాళాలు ఉంటే తెచ్చివ్వండి. మీ ఇంటికి ఊరి నుంచి పెద్దవాళ్లు వచ్చి ఉంటే వాళ్ల పేరు ముందు రాయండి. తీసుకురావడానికి కారు లేకపోతే ఆ సంగతి కూడా అక్కడే రాయండి, మేం వచ్చి తీసుకొస్తాం.